ఓడిన జట్టులో ఫార్వర్డ్ విలువ ఎంత? 2018 హార్ట్ ట్రోఫీపై చర్చ

హిమరేఖ:
ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో, 2017–18 సీజన్‌లో ఎడ్మంటన్ ఫార్వర్డ్ కానర్ మెక్‌డేవిడ్ 41 గోల్స్, 67 అసిస్టులతో (గోల్‌కు దారితీసిన పాసులు) 108 పాయింట్లు సాధించి లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. అయినా పాత్రికేయులు ఓటు వేసే హార్ట్ ట్రోఫీ పోటీలో అతనికి ఐదో స్థానమే దక్కింది. 93 పాయింట్లు చేసిన న్యూజెర్సీ ఆటగాడు టేలర్ హాల్ గెలిచాడు. ఎడ్మంటన్ ప్లేఆఫ్స్‌కు చేరకపోవడమే మెక్‌డేవిడ్‌కు అడ్డుపడిందని నా నమ్మకం. ఆటగాళ్లే ఓటు వేసే టెడ్ లిండ్సే అవార్డు మాత్రం మెక్‌డేవిడ్‌కే వచ్చింది. నా లెక్కలో ఆటగాళ్ల తీర్పే సరైనది.

ఎర్రగీత:
హార్ట్ ట్రోఫీ అత్యుత్తమ ఆటగాడికి కాదు, తన జట్టుకు అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చేది. హాల్ తర్వాత న్యూజెర్సీలో ఎక్కువ పాయింట్లు చేసిన నికో హిషియర్‌కు వచ్చినవి 52 మాత్రమే, అయినా ఆ జట్టు ప్లేఆఫ్స్ ఆడింది. ఎడ్మంటన్ జట్ల పట్టికలో ఆఖరి ప్లేఆఫ్స్ బెర్తుకు 17 పాయింట్ల దూరంలో ఆగిపోయింది. మెక్‌డేవిడ్ లేకపోతే ఆ దూరం ఇంకా పెరిగేది, అంతే కదా?

హిమరేఖ:
ఎర్రగీత గారూ, 60 నిమిషాల ఆటలో అతను మంచు మీద ఉండేది 21 నిమిషాల పైచిలుకు మాత్రమే. అతను మంచు మీద ఉన్నప్పుడు జట్టు వేసిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్నవి తీసేసి, పవర్‌ప్లే (ప్రత్యర్థి ఆటగాడు శిక్షపై బయట కూర్చున్న సమయం) గోల్స్‌ను పక్కన పెట్టి లెక్కించే ప్లస్-మైనస్‌లో అతనిది ప్లస్ 20, అదీ వేసిన గోల్స్ కన్నా ఇచ్చుకున్నవే ఎక్కువైన జట్టులో. గోల్‌కీపర్ కామ్ టాల్బట్ ఆపిన షాట్ల నిష్పత్తి అంతకుముందు ఏడాది 0.919 నుంచి 0.908కి పడిపోయిన పాపం ఫార్వర్డ్‌కు ఎలా చుడతాం? పైగా అప్పటికి అతను కొత్త ఆటగాళ్లకిచ్చే చౌక ఒప్పందంలోనే ఉన్నాడు, ఏడాదికి 1.25 కోట్ల డాలర్ల ఒప్పందం ఆ తర్వాతి సీజన్‌లో మొదలైంది. కాబట్టి జీతాల పరిమితిని అతనొక్కడే మింగేశాడనీ అనలేం.

పాతరింక్:
1988లో పిట్స్‌బర్గ్ ప్లేఆఫ్స్‌కు చేరకపోయినా, 168 పాయింట్లు చేసిన మారియో లెమ్యూకు హార్ట్ ఇచ్చారు. ఇక హాల్ సంగతే చూడండి: ఎడ్మంటన్‌లో అతను ఆడిన ఆరు సీజన్లలో ఒక్కసారీ జట్టు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు, 2016లో ఒకే ఒక్క డిఫెన్స్ ఆటగాడు ఆడమ్ లార్సన్ కోసం అతన్ని వదులుకున్నారు. ఓటమి నీడలో అతని విలువనూ తక్కువగానే కట్టారు!

ఎర్రగీత:
పాతరింక్ గారూ, పిట్స్‌బర్గ్‌కు బెర్తు తప్పింది ఒక్క పాయింటు తేడాతో. 17తో దానికి పోలికేమిటి? హిమరేఖ గారు పక్కన పెట్టిన పవర్‌ప్లేలోనే అసలు చిక్కు ఉంది. ఆ ఏడాది 31 జట్లలో ఎడ్మంటన్ పవర్‌ప్లేది ఆఖరి స్థానం, దాన్ని నడిపించింది మెక్‌డేవిడే.

హిమరేఖ:
పవర్‌ప్లే విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అక్కడ అతని మార్కులు తగ్గించాల్సిందే. అలా తగ్గించాక హాల్‌ను అతనికన్నా ముందుంచినా నాకు అభ్యంతరం లేదు. అతను మంచు మీద లేని మిగతా 39 నిమిషాల ఆటను చూపించి అతన్ని ఐదో స్థానానికి నెట్టడాన్నే ఇప్పటికీ ఒప్పుకోలేను.