సమస్యాపూరణం: “గురుని గెలుచుటొకటె గురుని పూజ”

ఆటవెలది నాలుగో పాదం ఇది. పై మూడు పాదాలు మీరే అల్లి పద్యం పూర్తి చేయాలి. గురువులో నాటివారు వెతికిందేమిటో, నేడు వెతకవలసిందేమిటో పూరణలో కనబడాలి. గురునిందతో తప్పించుకోవద్దు!

మౌక్తికం:

పాదములకు మ్రొక్కి బాణాలతోఁ గ్రీడి
ముందు వేయుఁ డనియె మొనను నిలిచి
ద్రోణుఁ డోడి మెచ్చెఁ దొణికె నానందమ్ము
గురుని గెలుచుటొకటె గురుని పూజ

నిర్వాహకుడు: ఉత్తర గోగ్రహణంలో క్రీడి, అంటే అర్జునుడు, ద్రోణుడితో తలపడిన ఘట్టం! పాదాల ముందు వాలిన బాణాలు నమస్కారం, చెవుల పక్కనుంచి దూసుకుపోయినవి కుశలప్రశ్న. తొలి బాణం తాను వేయనన్నవాడికే గురువును గెలిచే అర్హత అని ‘ముందు వేయుఁడు’తో తేల్చేశారు. ‘తొణికె నానందమ్ము’ మాత్రం కొంచెం ఎక్కువైంది. అక్కడ ద్రోణుడికి కలిగింది విస్మయం కదా.

నీలాటిరేవు:

తెలియదన్న మాటఁ దెలుపు గుండెయుఁ గల్గి
ప్రశ్న వేయుమనుచు ప్రక్కఁ జేరి
నన్ను దాటి పొమ్ము నాయనా యనునట్టి
గురుని గెలుచుటొకటె గురుని పూజ

నిర్వాహకుడు: ‘అనునట్టి’ మీదుగా సమస్యాపాదంలోకి జారిన తీరు ముచ్చటగా ఉంది. ‘అనుచు’ ద్రుతాంతం (చివర నకారం చేరే పదం) కనుక ‘వేయుమనుచుఁ బ్రక్కఁ జేరి’ అనాలి. యతికి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన జతకు) ఇబ్బంది లేదు.

మౌక్తికం: నాకో అభ్యంతరం. ‘తెలియదు’ అనే గురువు నేటివాడు. ముండకోపనిషత్తు గురువు శ్రోత్రియుడు (వేదం నేర్చినవాడు), బ్రహ్మనిష్ఠుడు (బ్రహ్మంలో నిలిచినవాడు) కావాలంటుంది. తెలియదనేవాడి దగ్గరికి సమిధలు పట్టుకుని ఎవరు వెళ్తారండీ?

నీలాటిరేవు: వెళ్లారు, ఆరుగురు! ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడు వాళ్లను ఏడాది పాటు ఉండమన్నాడు. ఆ తర్వాత అడగండి, మాకు తెలిస్తే అంతా చెబుతాం అన్నాడు. అంతటి ఋషి నోట ‘తెలిస్తే’ అన్న మాట వచ్చింది చూడండి. దానిమీదే ఇంకొకటి:

తెలిసినంత మేర తెలిపెద ననె నాఁడు
పిప్పలాద మౌని, విప్పె గుట్టు
అంతకన్నఁ దెలియ నడుగిడు వానికి
గురుని గెలుచుటొకటె గురుని పూజ

మౌక్తికం: సరే, అభ్యంతరం వెనక్కి తీసుకున్నా. ‘గుట్టు’ అక్కడ పాదం నింపడానికే వచ్చింది, అది మాత్రం వదలను.

కొత్తకలం: తొలి ప్రయత్నం, పెద్దలు మన్నించాలి.

బొటనవ్రేలు నడిగి భూమిలో ద్రోణుఁడు
తానె యోడిపోయెఁ దగవు విడిచి
చేతి వ్రేలి నిచ్చి యేకలవ్యుఁడు గెల్చె
గురుని గెలుచుటొకటె గురుని పూజ

నిర్వాహకుడు: ఊహ బలమైనది. మూడో పాదంలో చే–యే యతి చెల్లదు. ‘చేతి వ్రేలి నిచ్చి శిష్యుఁడు గెలిచెరా’ అంటే సరి. ‘భూమిలో’ వ్యర్థపదం, ‘పూనికన్ ద్రోణుఁడు’ అనవచ్చు.

మౌక్తికం: అర్జునుణ్ణి మించిన విలుకాడు ఉండడని ద్రోణుడు మాట ఇచ్చి ఉన్నాడు. ఆ చిక్కునూ చూడాలి కదా?

కొత్తకలం: చూశానండీ. ఇద్దరూ గురువనుకున్నది ఆయననే. ఒకడి చేతిలో ఓడి మురిసినవాడు రెండోవాడి నేర్పు చూసి జంకాడు. శిష్యుడు తనను మించిపోతే సంతోషించడం గురువు గుణమైతే, అది ఒక్క శిష్యుడికే పరిమితమా? ర్యాంకు తెచ్చే పిల్లవాడి వైపే తిరిగి పాఠం చెప్పే మాస్టార్లు ఇప్పుడు మాత్రం లేరా?

నిర్వాహకుడు: అయితే ఆ మాట పద్యంలోకి రావాలి. ‘తగవు విడిచి’ (న్యాయం వదిలి) ఒక్కటే అంత బరువు మోయలేదు. రెండో పాదం మార్చి మళ్లీ పెట్టండి.