సెల్లార్ గుంటలో ఊట: పొరపొరకీ పర్మియబిలిటీ కొలవాలా, ఒక పంపింగ్ టెస్ట్ చాలా?

బెజవాడ_సైట్: రెండు సెల్లార్లు, 7 మీటర్ల తవ్వకం. పైన నల్లమట్టి, కింద కృష్ణ ఇసుక. సాయిల్ రిపోర్టులో ఇసుక మొత్తానికీ ఒకటే కె విలువ (నేలలోంచి నీరు ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె, అదే పర్మియబిలిటీ) ఇచ్చారు. కన్సల్టెంటు హెచ్‌పీటీ చేయిద్దామంటున్నారు. అంటే రాడ్‌ని నేలలోకి దించుతూ, నీళ్లు వదులుతూ, ఎదురయ్యే ప్రెజర్‌ని సెంటీమీటర్ల ఎడంలో రాసుకోవడం. ఓనరేమో దండగ ఖర్చంటున్నారు. మీరేమంటారు?

నేలలెక్క: దండగ కాదండీ. బోర్లో మామూలుగా 1.5 మీటర్లకో శాంపిల్ తీస్తారు. మధ్యలో జానెడు ముతక ఇసుక ఉంటే దొరకదు. ఊటంతా వచ్చేది దాన్లోంచే. సిల్టుకీ ముతక ఇసుకకీ కె వెయ్యి రెట్లు తేడా రావచ్చు. ఫిల్టరు పైపు ఏ లోతులో పెట్టాలో సగటు చెప్పదు.

గోదారి_బోర్లు: నేలలెక్క గారూ, ఆ రాడ్ చూసేది తన చుట్టూ ఉన్న గుప్పెడు మట్టిని. ఒక బోరేసి, చుట్టూ పీజోమీటర్లు (నేలలో నీటి ఒత్తిడి చూపే గొట్టాలు) పెట్టి, రాత్రీ పగలూ తోడి చూడండి, పంపింగ్ టెస్ట్ అంటే అదే. నేల మొత్తం సంగతి తేలిపోతుంది.

నేలలెక్క: మొత్తం తేలుతుంది, పొర తేలదు. గుంట అడుగున 3 మీటర్ల బంకమట్టి మిగిలిందనుకోండి. దాని బరువు సుమారు 54 కిలోపాస్కల్. కింది ఇసుకలో నీరు 6 మీటర్ల ఎత్తుతో తోస్తే 59. అడుగు పొంగుతుంది. ఆ బంక ఎక్కడ ఆగిందో తెలియకుండా ఎలా?

గోదారి_బోర్లు: ఆ 6 మీటర్లు చెప్పింది పీజోమీటరే కదా! హెచ్‌పీటీ కొలిచేది ప్రెజర్, కె దాన్నుంచి కట్టిన అంచనా. గులకలో ప్రెజరే నిలవదు.

నేలలెక్క: అందుకే పక్కన స్లగ్ టెస్ట్ (బోర్లో నీటిమట్టాన్ని ఒక్కసారిగా మార్చి, ఎంతసేపట్లో సర్దుకుంటుందో చూడటం) చేసి సరిచూడమనేది. మీరు చదవకుండా కొట్టిపారేస్తున్నారు.

చిన్నమేస్త్రి: ఏ టెస్టైనా, 7 మీటర్లకి ఒక్క వరస వెల్‌పాయింట్లు (పైనున్న మోటారుతో నీళ్లు పీల్చే సన్న గొట్టాలు) చాలవు. పీల్చే మోటారు 5, 6 మీటర్ల దగ్గరే ఆగిపోద్ది. సబ్‌మెర్సిబుల్ బోర్లకి వెళ్లండి.

గోదారి_బోర్లు: చదవకుండానా? ఒక బిల్డరు నాకు రంగురంగుల గ్రాఫులిచ్చి, నీళ్లు తోడే పని లంప్‌సమ్ (ఎంత తోడినా ఒకటే మొత్తం) అని సంతకం పెట్టించుకున్నాడు. పక్కింటి గోడ పగిలింది. 'ఇసుక పొర ఉందని నీకు ముందే చూపించాం' అని బిల్లు ఆపేశాడు. ఆ గోడకి నా డబ్బుతోనే రిపేరు చేయించా. వివరం పెరిగేకొద్దీ తప్పు మా నెత్తికే చుడతారు.

నేలలెక్క: ఇది మొదటే చెప్పాల్సింది అన్నా. నీటిమట్టం మీటరు దించితే కింది మట్టి మీద చదరపు మీటరుకి టన్ను భారం పెరుగుతుంది, మెత్తటి బంకైతే కుంగుతుంది. నేల ఎవరిదో ఆ రిస్కూ వాళ్లదే. దానికి డేటా మానేయమంటే నేనొప్పుకోను.

గోదారి_బోర్లు: రిస్కు ఓనరుదని అగ్రిమెంటులో రాసినవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు.

బెజవాడ_సైట్: మా డ్రాఫ్టులోనూ లంప్‌సమ్ అనే ఉంది. మోటారు గంటల లెక్కన మార్చమని అడుగుతా.

నేలలెక్క: పక్కింటి వైపు రెండు పీజోమీటర్లు కూడా రాయించండి. తోడటం మొదలెట్టకముందే ఆ గోడల ఫొటోలు తేదీతో తీయించండి.

గోదారి_బోర్లు: ముందు లంప్‌సమ్ తీయించండి, ఆ రాడ్ సంగతి తర్వాత. తీయకపోతే నేనైతే కొటేషన్ ఇవ్వను.