నేపాల్ యాత్రకి అమ్మానాన్నని పంపొచ్చా? అక్కడ గొడవలైతే ఏం చేయాలి?

కృష్ణలంక కుర్రోడు:
మా ఏరియా ట్రావెల్స్ వాళ్లు పశుపతినాథ్, ముక్తినాథ్, పోఖరా ట్రిప్పు వేస్తున్నారు, అమ్మానాన్న అడ్వాన్స్ కూడా కట్టేశారు. 2025 సెప్టెంబర్‌లో ఖాట్మండులో పార్లమెంటు తగలబెట్టిన వీడియోలు చూసిన దగ్గర్నుంచి నాకేమో భయం, వద్దంటే నాన్న "కాశీకి పోయినోడు కాటికి పోయినట్టే అనేవాళ్లు, అయినా జనం పోలేదా" అని నా మీదకే వస్తున్నాడు. ఆయనకి షుగరు, అమ్మకి హిందీ రాదు. మళ్లీ అలాంటిదేమన్నా జరిగితే వాళ్లు ఏం చేయాలో కాస్త చెప్పండి.

ముక్తినాథ్ బ్యాచ్:
మేం అప్పుడు ఖాట్మండులోనే ఇరుక్కున్నాం బ్రో. సోషల్ మీడియా బ్యాన్ చేశారని కుర్రాళ్లు రోడ్డెక్కితే 8న పోలీసు కాల్పుల్లో ఒక్కరోజే 19 మంది పోయారు, ఆ రాత్రి బ్యాన్ ఎత్తేసినా జనం ఆగలేదు, 9న సింఘదర్బార్ (వాళ్ల సెక్రటేరియట్), సుప్రీంకోర్టు, హిల్టన్ హోటల్ అన్నీ తగలబడ్డాయి, అప్పటి ప్రధాని ఓలీ రాజీనామా చేశాడు, ఎయిర్‌పోర్టు మూసేశారు. మా బ్యాచ్‌లో ఒకాయన ఎలాగోలా ఎయిర్‌పోర్టుకి పోదామని ఒకటే గొడవ, లాడ్జి మేనేజరేమో గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కర్నీ బయటికి వదల్లేదు, రోడ్డువైపు రూముల్లో వాళ్లని వెనకవైపుకి మార్చాడు, టైర్ల కంపు అక్కడికీ వచ్చిందనుకో. రాత్రికి ఆర్మీ దిగింది. 10 సాయంత్రం ఎయిర్‌పోర్టు తెరిచాక కర్ఫ్యూలో కూడా టికెట్, పాస్‌పోర్టు చూపించినోళ్లని పోనిచ్చారు. 11న ఏపీ గవర్నమెంటు స్పెషల్ ఫ్లైట్ పెట్టి మనోళ్లని వైజాగ్, తిరుపతి చేర్చింది. గొడవ మొదలయ్యాక రూము కదలకపోవడమే మేలు.

గోదారి గట్టు:
అంత టెన్షన్ ఎందుకు, బస్సెక్కితే సునౌలీ బోర్డర్ దాటి గోరఖ్‌పూర్ వచ్చేయొచ్చు కదా, ఫ్లైట్ కోసం ఎదురుచూడ్డం దేనికి

ముక్తినాథ్ బ్యాచ్:
అన్నా, పశుపతినాథ్ దర్శనం చేసుకుని బోర్డర్‌కి తిరిగొస్తున్న ఏపీ యాత్రికుల బస్సు మీదే రాళ్లేసి, సామాన్లు దోచుకున్నారని పేపర్లో రాలా? రోడ్డు ఎప్పుడు సేఫో ఎంబసీ చెప్పాలి, డ్రైవర్ కాదు.

డ్యూటీ నర్సు:
తమ్ముడూ, నాన్నగారి మాత్రలు ట్రిప్పు రోజులకి లెక్కేసి ఇవ్వొద్దు, ఇంకో వారానికి సరిపడా ఎక్స్‌ట్రా పెట్టు, డాక్టరు చీటీతో సహా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండాలి, కర్ఫ్యూలో మెడికల్ షాపు తెరుస్తారన్న గ్యారంటీ లేదు. బిస్కెట్లు, గ్లూకోజు ఎలాగూ ఉండాలి, అన్నం లేటయితే షుగరు పడిపోద్ది. టియర్ గ్యాస్ తగిలితే కళ్లు నలపొద్దని చెప్పు, మామూలు నీళ్లతో బాగా కడగాలి, గాలి ఎటు నుంచి వస్తుంటే అటు పోవాలి, తర్వాత బట్టలు మార్చేయాలి. ఇంకోటి, మెయిన్‌గా నాన్నలకి, ఫోన్ తీసి వీడియోలు తీయొద్దు. గుంపులో ఎవడికి కాలుద్దో తెలీదు.

బెజవాడ బాబాయ్:
ఆధార్ ఒక్కటే పట్టుకెళ్తే కుదరదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఏటీఎంలు పనిచేయవనుకునే వంద రూపాయల నోట్లు కొన్ని ఇచ్చి పంపు. హోటల్ పేరు, ఎంబసీ నంబరు కాగితం మీద రాసి ఇద్దరి జేబుల్లో విడివిడిగా పెట్టు, ఫోన్ చచ్చిపోతే కాగితమే దిక్కు. అమ్మకి హిందీ రాదంటున్నావు కాబట్టి అదే కాగితం మీద హిందీలో కూడా రాయించు.

కృష్ణలంక కుర్రోడు:
థ్యాంక్స్ అందరికీ. ఇప్పుడే ట్రావెల్స్ వాళ్లకి ఫోన్ చేస్తే ఖాట్మండులో హోటల్ ఇంకా కన్ఫర్మ్ కాలేదు, బయల్దేరాక చెప్తాం అంటున్నారు, ఇది మామూలేనా?

బెజవాడ బాబాయ్:
వాళ్లకి మామూలే. మిగతా డబ్బులు మాత్రం హోటల్ పేరు చెప్పాకే కట్టు.