కొత్త ఇంటికి నెట్‌వర్క్ స్విచ్: పన్నెండు పాయింట్లకు ఏది తీసుకోవాలి?

ప్రశ్న (నెల్లూరు, వేదాయపాళెం)

నమస్కారం. మేము కట్టుకుంటున్న రెండంతస్తుల ఇంటికి ప్లాస్టరింగ్ పూర్తయింది, రంగులు వేయవలసి ఉంది. గోడల్లో వేయించిన క్యాట్ 6 నెట్‌వర్క్ వైర్లు పన్నెండూ మెట్ల కింది అల్మరాలోకి వచ్చి చేరాయి. వాటిలో ఆరు కెమెరాలకు, రెండు పైకప్పుకు బిగించే వైఫై యాక్సెస్ పాయింట్లకు, మిగిలిన నాలుగు టీవీలకూ, మా అబ్బాయి ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే గదికీ. 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ తీసుకోబోతున్నాము. ట్రంకు రోడ్డులో ఒక దుకాణంవారు ఎనిమిది పీఓఈ పోర్టులూ (నెట్ వైరులోనే కరెంటు కూడా అందించేవి), రెండు అప్‌లింక్ పోర్టులూ (రౌటరు వంటివాటికి కలిపేవి) ఉన్న స్విచ్ చూపించి, ఇల్లంతటికీ ఇదే చాలునని, చాలకపోతే తరువాత ఇంకొకటి తగిలించుకోవచ్చని చెబుతున్నారు. ధర మాత్రం తక్కువే. ఒకటే పెద్దది కొనడం మేలా, కెమెరాలకు వేరుగా, ఇంటికి వేరుగా రెండు కొనడం మేలా? మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మనమే మార్చుకోగలిగేది) అవసరమా?

జవాబు 1 (ఒంగోలు)

అయ్యా, ముందుగా పోర్టులు లెక్క వేసుకోండి. పన్నెండు పాయింట్లకు తోడు రౌటరుకు ఒకటి, కెమెరాల రికార్డరుకు ఒకటి కలిపితే పద్నాలుగు అవుతాయి కాబట్టి, వారు చూపిన పెట్టె మొదటి రోజునే చాలదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, కెమెరాల కోసం తయారుచేసే చవక స్విచ్‌లలో ఆ ఎనిమిది పోర్టులూ చాలావరకు 100 ఎంబీపీఎస్‌వే అయి ఉంటాయి. 4 మెగాపిక్సెల్ కెమెరాకు ఐదారు ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది గనుక కెమెరాల వరకు అది లోపం కాదు. కానీ అదే పోర్టుకు యాక్సెస్ పాయింటు తగిలిస్తే, మీరు 200కు డబ్బు కట్టినా ఫోనులో స్పీడు 94 దగ్గరే ఆగిపోతుంది, తప్పేమో కనెక్షన్ ఇచ్చినవారి మీదకు పోతుంది. అట్ట పెట్టె మీద 10/100 అని ఉందా, 10/100/1000 అని ఉందా చూసి, రెండోదే తీసుకోండి.

మేనేజ్డ్ విషయానికి వస్తే, కెమెరాలను ఇంటి కంప్యూటర్ల నుంచి వీలాన్‌లతో (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్కులు చేసే ఏర్పాటుతో) విడదీయాలనే కోరిక, దాన్ని సరిచూసుకునే ఓపిక ఉన్నవారికే అది. పిల్లవాడు ఒకే వైరు రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చినా నెట్‌వర్క్ కుప్పకూలకుండా లూప్‌ను పట్టుకునే సదుపాయం కొన్ని సాదా స్విచ్‌లలోనూ ఉంటుంది.

జవాబు 2 (కావలి)

పై జవాబుతో ఏకీభవిస్తూనే, పోర్టుల సంఖ్య కన్నా వాట్లు ముఖ్యమని నా అనుభవం. మా ఇంటి స్విచ్ పగలంతా చక్కగా పనిచేసేది. సాయంత్రం ఏడు గంటలకు కెమెరాల చుట్టూ ఎర్రని చుక్కలు వెలిగేసరికి గేటు దగ్గరి బొమ్మ ఆరిపోవడం, నిమిషానికి మళ్లీ రావడం, మళ్లీ పోవడం. కెమెరా చెడిందని మార్చాను కూడా. చివరకు తేలిందేమిటంటే, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలకు కరెంటు ఎక్కువ కావాలి, మా స్విచ్ అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగలిగింది 60 వాట్లే. పీఓఈ ప్రమాణాలైన 802.3ఏఎఫ్ ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు, 802.3ఏటీ ప్రకారం 30 వాట్లు అని రాసి ఉన్నంత మాత్రాన, అన్ని పోర్టులకూ ఒకేసారి అంత వస్తుందని కాదు. కెమెరాకు 7 చొప్పున ఆరింటికి 42, యాక్సెస్ పాయింట్లకు 12 చొప్పున 24, వెరసి 66. మీరు 100 వాట్లకు తగ్గకుండా చూసుకోండి.

ఆ అల్మరాకు మూసిన తలుపు బిగిస్తున్నారా? ఇళ్లకు అమ్మే చాలా స్విచ్‌లకు 40 డిగ్రీల వరకే హామీ. మన రోహిణి కార్తె ఎండలు మీకు తెలియనివి కావు. తలుపుకు జాలీ పెట్టించి, స్విచ్‌నూ రౌటరునూ ఇన్వర్టరు లైనులోనే కలపండి.

జవాబు 3 (నెల్లూరు)

నా మటుకు కెమెరాల కోసం స్విచ్ కొననే వద్దంటాను. వెనుక ఎనిమిది పీఓఈ పోర్టులున్న రికార్డరు తీసుకుంటే, మీ వైర్లన్నీ ఒకేచోటికి వచ్చాయి కనుక ఆరు కెమెరాలనూ నేరుగా దానికే తగిలించవచ్చు. వాటి బరువు ఇంటి నెట్‌వర్క్ మీద పడదు. అప్పుడు ఎనిమిది పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్, అందులో నాలుగింటికి పీఓఈ ఉన్నది, ఫ్యాను లేనిది, సరిపోతుంది.

రంగులు వేయకముందే ఇంకొక పని చేయండి. వైరు కొసన రాగి తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, పీఓఈకి పనికిరాదు, వేడెక్కుతుంది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. కాబట్టి ఆ రెండూ కాక మిగిలినవాటిలో ఒక జత తెగినా నెట్ వస్తూనే ఉంటుంది, వేగం మాత్రం పడిపోతుంది. ప్రతి పాయింటునూ ల్యాప్‌టాప్‌తో తగిలించి 1000 వస్తోందో లేదో చూసుకోండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. పీఓఈ రికార్డరు, ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ అని నిర్ణయించుకున్నాము. నిన్న సాయంత్రం పన్నెండు వైర్లనూ గీకి చూశాను. పదింటికి లోపల కూడా ఎర్రగానే ఉంది. గేటుకు, పైన డాబాకు పోయిన రెండూ తెల్లగా కనిపించాయి. అవి చివరలో వైరు చాలక, ఎలక్ట్రీషియన్ వేరే చుట్ట తెచ్చి వేసినవి. పైపులోంచి పాతది లాగుతూ దాని కొసకే కొత్తది కట్టి ఎక్కించవచ్చునని అంటున్నాడు. సోమవారం వస్తానన్నాడు కాబట్టి రంగులవాళ్లను రెండు రోజులు ఆగమని చెప్పాను.