గేర్‌బాక్సు మాడ్యూల్ మార్చినా బండి మూడో గేరు దాటడం లేదు

రాజోలు వాసి: ఉదయం నుంచి ఈ కారుతో తల బద్దలు కొట్టుకుంటున్నాను. ఆటోమేటిక్ గేర్‌బాక్సు కంట్రోల్ మాడ్యూల్ (గేర్లను నడిపే కంప్యూటరు) పోయిందని మెకానిక్ చెబితే, అదే పార్టు నంబరున్నది పాత సామాన్ల కొట్లో కొని బిగించాము. అయినా బండి మూడో గేరులోనే ఉండిపోతోంది, ఇంజను లైటు ఆరడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాలకొల్లు గ్యారేజీ: ఏ రకం గేర్‌బాక్సు? స్కానరు ఏ ఫాల్టు కోడు చూపింది?

కొత్తపేట పెద్దాయన: మాడ్యూల్ సంగతి తరువాత, ముందు ఆయిల్ చూడండి. జన్మలో మార్చనక్కరలేదన్న మాట నమ్మి మనవాళ్లు ఏటీఎఫ్‌ను, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌ను, ముట్టుకోరు. అది నల్లబడి మాడు వాసన కొడుతుంటే, లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్లే.

భీమవరం: ఏఎమ్‌టీ (ఆటోమేటెడ్ మాన్యువల్) అయితే ఈ ఆయిల్ మాట వర్తించదండీ. అందులో ఉండేది మామూలు గేర్‌బాక్సే. క్లచ్చునూ గేర్లనూ డ్రైవరుకు బదులు యాక్చుయేటర్ అనే పరికరం నడుపుతుంది.

కొత్తపేట పెద్దాయన: క్లచ్ పెడల్ లేనిదల్లా ఆటోమేటిక్కే.

భీమవరం: కొనేవారికి అంతే కావచ్చు, విప్పేవారికి కాదు.

రాజోలు వాసి: టార్క్ కన్వర్టరే (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే రకం), 6 గేర్లు. కోడు యు0101. మొన్నటి వానలకు బండి పెరట్లో నీళ్లలో నిలిచి లోపలి మ్యాట్లు తడిశాయి కానీ, దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటాను.

పాలకొల్లు గ్యారేజీ: ఉంది. యు0101 అంటే మాడ్యూల్ చెడిందని కాదు, దాని నుంచి సందేశాలు అందడం లేదని. ముందు దాని ఫ్యూజు, ఎర్త్ చూడండి. తరువాత బ్యాటరీ వైరు తీసి, మాడ్యూల్ ప్లగ్గు బిగించే ఉంచి, మాడ్యూళ్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే రెండు క్యాన్ తీగల మధ్య ఓమ్‌లు కొలవండి. లైను రెండు చివర్లా 120 చొప్పున రెసిస్టర్లు ఉంటాయి కనుక మీటరు 60కి దగ్గరగా చూపాలి. 120 చూపితే లైను ఎక్కడో తెగినట్టే. పాత మాడ్యూల్ పారేయకండి.

భీమవరం: కొన్నదే ఉంచుకోవలసి వస్తే, పార్టు నంబరు కలిసినంత మాత్రాన సరిపోదు. అందులో ఉన్నది వేరే బండి సాఫ్ట్‌వేర్ కావచ్చు, కనుక మీ బండికి సరిపడేలా కోడింగ్ చేయించి, గేర్ల అడాప్టేషన్ (మాడ్యూల్ మీ గేర్‌బాక్సుకు సర్దుకునేలా చేయడం) కూడా చేయించాలి. ఆ పని మధ్యలో వోల్టేజీ పడిపోతే మాడ్యూలే పాడయ్యే ప్రమాదముంది, కాబట్టి వోల్టేజీ నిలకడగా ఉంచే సపోర్టు చార్జరును బ్యాటరీకి పెట్టమనండి.

రాజోలు వాసి: మీటరు 118 చూపింది. డ్రైవరు కాళ్ల దగ్గర తివాచీ ఎత్తితే, జాయింటు ప్లగ్గులో పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. ఒకటి వేలు తగలగానే విరిగింది. వైరింగ్ ఆయన రేపు అమలాపురం నుంచి వస్తానన్నారు. థాంక్సండీ.

కొత్తపేట పెద్దాయన: ఆయిల్ ఎప్పుడు మార్చారో ఇంకా చెప్పలేదు.