వార్నిష్ వేశాక బయటపడ్డ గుండ్రటి గీతలు, ఇప్పుడేం చేయాలి?

కొత్తకోటు:
హాల్లో ఓక్ చెక్క నేల. డ్రమ్ సాండర్ (గరుకు కాగితం చుట్టిన డ్రమ్ తిరుగుతూ చెక్కని అరగదీసే మెషీన్) అద్దెకు తెచ్చి నేనే గీకాను. 40 గ్రిట్ పేపర్‌తో (అంకె పెరిగేకొద్దీ పేపర్ గరుకు తగ్గుతుంది) పాత వార్నిష్ లేపేసరికే ఓపిక అయిపోయి నేరుగా 100కి వెళ్లిపోయా. చేత్తో తడిమితే నున్నగానే ఉంది. నిన్న ఆయిల్ పాలియురెథేన్ వార్నిష్ ఒక కోటు వేశానో లేదో, గోడల పక్కనంతా సున్నాలు చుట్టినట్టు గీతలు, మధ్యలో రెండు గుంటలు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే ఏడుపొస్తోంది. ఇంకో రెండు కోట్లు వేస్తే కప్పుకుపోతాయా?

పొట్టుమనిషి:
కప్పుకుపోవండీ, మెరుపు పెరిగేకొద్దీ ఇంకా తేలతాయి. 40 చేసిన లోతు గీతల్ని 100 తీయలేదు, పైపైన నున్నగా చేసి వదిలేస్తుంది, అందుకే చేతికి తెలియలేదు. 40, 60, 80, 100 ఇలా మెట్టు తప్పకుండా రావాలి. సున్నాలు గోడ అంచులు గీకే చిన్న మెషీన్, అదే ఎడ్జర్ పని, దాని డిస్క్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి గీతా అలాగే పడుతుంది, ఆ అంచుల్ని ఆఖర్న చేత్తోనో చిన్న ఆర్బిటల్ మెషీన్‌తోనో మళ్లీ రుద్దాల్సిందే. గుంటలంటారా, డ్రమ్ తిరుగుతుండగా మీరెక్కడో ఒక్క క్షణం నిలబడిపోయి ఉంటారు. అడుగు కదిలాక డ్రమ్ దించాలి, ఆగేముందే ఎత్తేయాలి. నేనూ మొదటిసారి ఫోన్ మోగితే ఆగిపోయా, ఆ గుంట మీద ఇప్పటికీ సోఫా ఉంది.

పెన్సిల్‌గీత:
నేను ప్రతి గ్రిట్‌కీ ముందు నేలంతా పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీస్తా. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. గీత మిగిలిందంటే అక్కడ పేపర్ తగల్లేదని అర్థం. తర్వాత గది చీకటి చేసి టార్చి నేలమీద పడుకోబెట్టి చూస్తే ప్రతి గాటూ నీడతో సహా కనిపిస్తుంది. గ్రిట్ మార్చిన ప్రతిసారీ వాక్యూమ్ కూడా పెట్టండి, 40 తాలూకు ఒక్క రేణువు 100 పేపర్ కింద ఇరుక్కుంటే మళ్లీ గీతే.

రెండుమిల్లీ:
మళ్లీ గీకే ముందు ఒక్క మాట. మీది నిజంగా సాలిడ్ చెక్కేనా? నాది అలాగే అనుకుని దిగా, ఇంజనీర్డ్ (ప్లైవుడ్ మీద పల్చటి చెక్క పొర అతికించినది) అని తర్వాత తెలిసింది. పైపొర రెండు మిల్లీమీటర్లు, రెండో రౌండ్‌కే కిటికీ దగ్గర ప్లైవుడ్ బయటపడింది. గుమ్మం దగ్గర పట్టీ విప్పి అంచు చూడండి, పొరలుంటే అక్కడే తెలిసిపోతుంది.

కొత్తకోటు:
చూశా, నిలువునా ఒకటే చెక్క. హమ్మయ్య. అయితే రేపే మొదలుపెట్టనా?

పొట్టుమనిషి:
రేపొద్దు. పచ్చి కోటు మీద పేపర్ పెడితే బంకలా చుట్టుకుని పది నిమిషాలకో పేపర్ పోతుంది. ఓ వారం ఆరనివ్వండి. ఈసారి డ్రమ్ వద్దు, చదును ప్లేటున్న ఆర్బిటల్ మెషీన్ తీసుకుని 60 నుంచి రండి. నెమ్మదిగా అరుగుతుంది కానీ గుంటలు పడవు.

పెన్సిల్‌గీత:
ఈసారి వాటర్ బేస్ వార్నిష్ వేయండి, రెండు మూడు గంటల్లో ఆరుతుంది, చెక్క పచ్చబడదు.

పొట్టుమనిషి:
ఆ పసుపు ఛాయ కోసమే కదా ఓక్ మీద ఆయిల్ వేసేది! వాటర్ బేస్‌లో నాకు చెక్క పాలిపోయినట్టు కనిపిస్తుంది. పైగా మొదటి కోటుకే నార లేచి గరుకవుతుంది, 220తో తేలిగ్గా రుద్ది రెండోది వేయాలి. ఏదైనా సరే, డబ్బాని కుదపకండి, కర్రతో మెల్లగా కలపండి, లేకపోతే నేలంతా బుడగలే.

రెండుమిల్లీ:
ఆయిల్ తుడిచిన గుడ్డలేం చేశారు? ఉండ చుట్టి పడేస్తే ఆరే క్రమంలో వేడి పుట్టి వాటంతటవే అంటుకోగలవు. విప్పి బయట ఒక్కొక్కటిగా ఆరేయండి, లేదా నీళ్లు పోసి ఇనుప డబ్బాలో మూతపెట్టండి.

కొత్తకోటు:
అన్నీ కలిపి ఒకే కవర్లో కుక్కి మెట్ల కింద పెట్టా. ఉండండి, చూసొస్తా.

కొత్తకోటు:
కవర్ వెచ్చగా ఉంది. నీళ్ల బకెట్లో ముంచేశా, చేతులింకా వణుకుతున్నాయి.