అప్‌డేట్: పొగాకు బేళ్ల షీట్‌లో ఓవర్‌ఫ్లో ఎర్రర్ తేలింది

ఎక్సెల్ షీట్లో ఒంగోలు పొగాకు వేలం బేళ్ల (కట్టల) తూకాలు, రేట్లు కలిపే మాక్రో (పనిని తనంతట తాను చేసే చిన్న కోడ్) ‘రన్‌టైమ్ ఎర్రర్ 6, ఓవర్‌ఫ్లో’ అని ఆగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. వరుసలు లెక్కపెట్టే వేరియబుల్ (కోడ్‌లో అంకె దాచే పేరు) ఇంటిజర్‌గా ఉంది. దాని హద్దు 32,767. షీట్ అది దాటింది. ఆ వేరియబుల్‌ని ప్రకటించే డిమ్ లైన్లో ఇంటిజర్ బదులు పెద్ద అంకెలు పట్టే లాంగ్ పెడితే చివరిదాకా పోయింది.

అయినా కొత్త తూకం కొడితే మొత్తం పడలేదు. అసలు చిక్కు ఇదే. కోడ్ మొదట్లో ఎనేబుల్‌ఈవెంట్స్‌ని ఫాల్స్ చేస్తుంది, అంటే సెల్ మారగానే కోడ్ తనంతట తాను నడవడం ఆపేస్తుంది. మధ్యలో ఆగితే మళ్లీ ట్రూ చేసే లైన్ దాకా రాదు. ఆల్ట్+ఎఫ్11, తర్వాత కంట్రోల్+జి నొక్కి, వచ్చిన ఇమ్మీడియట్ విండోలో ‘అప్లికేషన్.ఎనేబుల్‌ఈవెంట్స్ = ట్రూ’ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ ఇస్తే మళ్లీ పనిచేస్తుంది.

మళ్లీ రాకుండా ఆన్ ఎర్రర్ గోటూ (ఎర్రర్ వస్తే లేబుల్‌కి, అంటే కోడ్‌లో పేరు పెట్టిన చోటికి పంపే లైన్) రాసి, ట్రూ లైన్ ఆ లేబుల్ కిందే ఉంచాలి. లేబుల్‌కి ముందు ఎగ్జిట్ సబ్ (మాక్రోని అక్కడే ముగించే లైన్) వద్దు. ఎర్రర్ వస్తే నంబర్ చూపే మెసేజ్ బాక్స్ తప్పకుండా పెట్టండి. లేదంటే లెక్క సగంలో ఆగినా తెలియదు, రైతుకు రావాల్సిన డబ్బులో తేడా పడుద్ది.